స్వరూప సవరం

చంపింది మీరే.

ఏసీ గదిలో గోడకు పటం తగిలించుకుని, దీపం వెలిగినచోటే పరీక్ష జరిగినట్టు, వెలగనిచోట మనుషులే లేనట్టు లెక్క తీసే పెద్దమనుషులారా, చంపింది మీరే. సూది పొడిచిన చెయ్యి కిరాయిది. మందు వండినవాడు దుకాణం ఎత్తేసి పోయాడు. కానీ ‘మాకు తెలియదు’ అనే మాటకు ఇస్త్రీ చేసి కోటులాగా తొడుక్కుని తిరిగింది మీరు. అడిగితే తెలిసేది. తెలిస్తే ఆపాల్సి వచ్చేది. ఆపితే ఎక్కడో తిని తిని కాలేయం కొవ్వెక్కినవాళ్ళకు మందు ఆలస్యమయ్యేది. అందుకని అడగలేదు. థూ, మీ బతుకులు!

దూస స్వరూప ఎవరో మీకు తెలియదు. ఆమె సంగతి బయటపడింది మీరెవరో విచారణ వేస్తే కాదు. ఆమె ఆడబిడ్డ చేసిన ఒక పొరపాటు వల్ల.

ఆ ఆడబిడ్డ పేరు అనసూయ. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, హైదరాబాదులో పరిశోధనశాల దాకా పోయిన మనిషి. జాడ యంత్రం ఆమె చేసిందే. అద్దపు గాడిలో ఒక్క వెంట్రుకను తిన్నగా పరిచి మూత వేస్తే, లోపల సూదిమొన కంటే సన్నటి వెలుగు కుదురు నుంచి కొస దాకా నడుస్తుంది. నడిచినచోటల్లా వెంట్రుక మాడి పొగవుతుంది. ఆ పొగను యంత్రం వాసన చూస్తుంది. మనిషి మింగిన ప్రతి గోళీ, పొడిపించుకున్న ప్రతి సూదీ, అది వెంట్రుకలోకి పాకిన నెల దగ్గర ఒక గీతగా తెర మీద లేస్తుంది. వేలెడు వెంట్రుకంటే ఆర్నెల్ల బతుకు.

ఎందుకు చేసిందంటే, మగ్గాలు మూతపడ్డాక సిరిసిల్ల మగవాళ్ళు మందుల పరీక్షలకు ఒళ్ళు అప్పగించి బతకడం నేర్చారు. ఒక కంపెనీ దగ్గర సూది పొడిపించుకుని, ఆ మందు ఒంట్లోంచి దిగకముందే ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కేవారు. రెండు మందులూ ఒంట్లో కొట్లాడుకుని ఆమె వాడకట్టులోనే ఒకడు బస్టాండులో నురగలు కక్కుకుని పోయాడు. అలా ఇంకొకడు పోగూడదని అనసూయ జాడను కనిపెట్టింది. కంపెనీలు ఎగబడి కొన్నాయి. ఇప్పుడు ప్రతి పరీక్షల కేంద్రం గేటు దగ్గరా ఒక జాడ ఉంది. వెంట్రుక ఇచ్చి లోపలికి పోవాలి.

ఆ పొద్దున ఆమె ముందు కొత్త మందు సీసా ఉంది. దానికి పేరు ఇంకా పెట్టలేదు, అంకె ఉంది. డెబ్బై ఒకటి. కాలేయానికి పట్టిన కొవ్వును కరిగించే మందు. మనుషుల మీద ఇంతవరకు ఎక్కడా వాడలేదు, కరీంనగర్ కేంద్రంలో గురువారం మొదటిసారి వాడతారు, దాని వాసన యంత్రాలకు నేర్పించి పెట్టండి అని కంపెనీ కాగితం. కొత్త వాసన నేర్పాలంటే రెండు కావాలి. ఒకటి మందు. రెండోది ఏ మందూ ఎరగని ఖాళీ వెంట్రుక. అది కూడా ఆ ప్రాంతపు నీళ్ళు తాగిన మనిషిదైతేనే మంచిది.

సిరిసిల్లలో ఖాళీ వెంట్రుక ఎక్కడ దొరుకుతుంది? మగవాళ్ళంతా పరీక్షల్లో నలిగినవాళ్ళే. అనసూయ కంపెనీ కాగితం వచ్చిన రోజే తన తమ్ముడి పెళ్ళాం స్వరూపను తలుచుకుంది. కామెర్లతో పోయి రెండేళ్ళవుతోంది. పరీక్షల పేరెత్తితేనే మండిపడేది. ‘వదినా, మీ తమ్మునికి జర చెప్పు, పానం అమ్ముకోవద్దని’ అని ప్రతి పండక్కీ పోరేది. పాపం, ఆ పిల్ల ఒంట్లో ఏ మందూ ఉండదు. కిందటి ఆదివారం పుట్టింటికి పోయినప్పుడు ట్రంకు పెట్టెలో స్వరూప సవరం కనిపించింది. తల దువ్వినప్పుడు రాలిన తన వెంట్రుకలే దాచి కట్టించుకున్న సవరం. ఒక పాయ తీసి కవరులో పెట్టుకొచ్చింది. మరదలి జుట్టు ముట్టుకుంటే మనసు ఎట్లాగో అయింది కానీ, ఇదీ ఒక మంచి పనికే కదా అనుకుంది.

సీసాలోని మందు వాసన ముందుగా యంత్రానికి ఎక్కించి, ఆ వెంట్రుకను గాడిలో పెట్టింది. వెలుగు నడిచింది. గీత లేచింది.

గాడి సరిగ్గా కడగలేదనుకుంది. స్పిరిటుతో తుడిచి ఇంకో వెంట్రుక పెట్టింది. గీత. తన తలలోంచి ఒకటి పీకి పెట్టింది. ఖాళీ. మళ్ళీ సవరంలోది. గీత, నిటారుగా, కుదురుకు దగ్గరగా. రాలడానికి కొన్ని వారాల ముందు ఒంట్లోకి పోయిన మందు. యంత్రం దాని పేరు కూడా తెర మీద రాసింది. డెబ్బై ఒకటి.

ప్రపంచంలో ఏ మనిషీ ఇంకా మింగని మందు, రెండేళ్ళ కింద చచ్చిపోయిన మనిషి జుట్టులో ఉంది.

అనసూయ కంపెనీ కాగితం మళ్ళీ తీసి తేదీ చూసింది. అప్పుడు గుర్తుకొచ్చింది. గురువారం ఆ కేంద్రంలో సూది పొడిపించుకునేవాళ్ళలో తన తమ్ముడు నరహరి ఉన్నాడు.

*

“ఏందక్కా, జెప్పకుండ జెయ్యకుండ దిగినవ్?” నరహరి అరుగు మీద కూచుని గుండు నిమురుకుంటున్నాడు. “సూడు, ఎట్లున్న? హీరో లెక్క లేనా?”

“గుండేందిరా?”

“వేములాడ రాజన్నకిచ్చిన. కంపెనోళ్ళే బస్సు వెట్టిండ్రు. బస్సు ఫ్రీ, గుండు ఫ్రీ, పులిహోర ఫ్రీ. ఇంట్ల పెండ్లాం లేదాయె, పులిహోర ఎవలు జేసి పెడ్తరు?” అని నవ్వాడు.

అనసూయ నవ్వలేదు. వాడకట్టులో ఇటు చూసింది, అటు చూసింది. గుండ్లు. చాయ్ హోటల్ ముందు గుండ్లు, మూతపడ్డ మగ్గాల షెడ్డు ముందు గుండ్లు, నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళలో కూడా బాబ్డ్ హెయిర్ అంత జుట్టున్నవాళ్ళే ఎక్కువ. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ చూస్తూనే ఉంది. మగ్గాలు పోయి కష్టాలెక్కువై మొక్కులు పెరిగాయనుకుంది. ఇంత చదివి, ఇన్ని యంత్రాలు చేసి, కళ్ళెదుట ఉన్నది చూడలేదు.

గుండు చేయించుకున్న తలలో ఉండేది ఆ తర్వాత మొలిచిన వెంట్రుకే. జాడ చదివేది ఆ కొత్త మొలకను మాత్రమే. పాత మందులు, పాత పరీక్షలు, పాత చావులు, అన్నీ కల్యాణకట్టలో రాలిపోతాయి. ఆమె యంత్రాన్ని గేటుకు పెట్టిన కంపెనీలవాళ్ళే, మంచాలకు మనుషులు తగ్గకుండా, దాని కళ్ళు పొడవడానికి బస్సు పెట్టారు. భక్తిని బ్లేడుగా వాడుకున్నారు.

“నరహరీ, గురువారం ఏం మందురా అది?”

“ఏందో కొత్తది. కాలేయం మందట.” నరహరి ముఖం వెలిగింది. “అక్కా, నీకు జెప్పలె. నన్ను ముందుగాల్ల పెట్టిండ్రు. ముందు ఒక్కనికి ఇచ్చి ఒక పూట సూస్తరట, గా తర్వాతనే మిగిలినోళ్ళకు. గా ఒక్కడు నేనే. దునియా మొత్తంల గీ మందు ఏస్కున్న మొదటి మనిషిని నేనేనట. డాక్టర్ సారు చెయ్యి కలిపి జెప్పిండు. చంద్రుని మీద కాలు వెట్టినోని లెక్క అన్నడు.”

“చంద్రుని మీద పెట్టినోనికి వాపసు తెచ్చే బండి ఉంటదిరా.”

“నువ్వెప్పుడు గిట్లనే. చదువుకున్నోళ్ళకు సంతోషపడుడు రాదు.”

అనసూయ అరుగు మీద అతని పక్కన కూచుంది. “ఒక మాట అడుగుత. స్వరూప ఎప్పుడన్న పరీక్షకు పోయిందా?”

నరహరి ముఖంలో నవ్వు ఊడిపోయింది. “ఏం మాటలక్కా అవి? నా పెండ్లాం పోతదా? నేను పోతెనే గంజి దాగకుండ కూసునేది. సచ్చినదాని మీద గిట్ల మాట్లాడకు.” లేచి లోపలికి పోయి నులక మంచం వాల్చి పడుకున్నాడు.

అతనికి తెలియదు. అబద్ధమాడే ముఖం కాదది. ఆడవాళ్ళు మగవాళ్ళకు చెప్పనిది ఏదైనా ఉంటే అది పక్కింటి చిందం రాజవ్వకు తెలిసే ఉంటుంది. స్వరూపకు తల్లి లేదు. తల్లి చెయ్యాల్సినవన్నీ రాజవ్వే చేసింది.

రాజవ్వ బీడీలు చుడుతోంది. సవరం మాట చెప్పగానే చేతిలో కత్తెర ఆగింది. ఒళ్ళోని తునికాకు చాటను పక్కకు జరిపింది.

“నరహరికి జెప్పకుమని ఒట్టు వెట్టిచ్చుకున్నది బిడ్డా,” అంది. “అవ్వగారింటికి పోతున్న అన్నది ఆయినతోని. ఏడికి పోతది, దానికి అవ్వ ఏడున్నది? గంత గూడ సోంచాయించలె నీ తమ్ముడు.”

“ఎటు పోయింది?”

“అందరం పోయినం. ఆడోళ్ళకు షుగరు, లివరు సూస్తం, పైసలు గూడ ఇస్తమని బండి దెచ్చిండ్రు. సెంటరు గాదు, దవాఖాన గాదు. పెండ్లిల్ల ఫంక్షన్ హాలు. స్టేజి మీద పిల్లా పిలగాడు కూసునే ఎర్ర కుర్సీలు గట్లనే ఉన్నయి, వెనుక పూల దండలు ఎండిపోయి. కింద మంచాలేసి మమ్ముల పండవెట్టిండ్రు. సెల్లుఫోన్లు గుంజుకున్నరు. వేలిముద్రలేసినం. సూదిచ్చిండ్రు. నాలుగొద్దులు అన్నం వెట్టిండ్రు. మంచిగనే వెట్టిండ్రు, అబద్ధమెందుకు.”

“తర్వాత?”

“ఇండ్లకొచ్చినంక జుట్టు ఊడుడు వెట్టింది. దువ్వెన వెడితె చెయ్యి నిండ. నీరసం. కండ్లు పచ్చవడ్డయి. పసరు వోసుకున్నం. నాకు తగ్గింది. స్వరూపకు తగ్గలె. దాని తోని ఇంకిద్దరు గూడ పోయిండ్రు. కామెర్లన్నరు. ఏడిచినం, కాలవెట్టినం.” రాజవ్వ ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. “సూదిచ్చినోళ్ళను అడుగుదమని ఫంక్షన్ హాలుకు పోతే ఆడ పెండ్లి నడుస్తున్నది. వాళ్ళు లేరు, వాళ్ళ బోర్డు లేదు. ఆర్నెల్లకు ఎవలో బస్సు తెచ్చిండ్రు, వేములాడకు పోయి గుండ్లు గీకిచ్చుకోండ్రి, పీడ వోతది అని. మంచోళ్ళనుకున్నం.”

“స్వరూప ఎందుకు పోయింది అవ్వా? పరీక్షలంటెనే పడకపోయేది కదా?”

రాజవ్వ ఆమెను వింతగా చూసింది. ఇంత చదివినదానికి ఇది అర్థం కాదా అన్నట్టు. “నేనొక్కసారి వోతె ఆయిన రెండుసార్లు వోకుంట ఆగుతడు అన్నది. గంతే. గందుకే వోయింది.”

*

పరీక్షలకు అనుమతినిచ్చే నైతిక సంఘం హైదరాబాదులో ఒక హోటల్లో కూచుంటుంది. నైతికం! ఆ మాట రాసిన బోర్డు కింద జీడిపప్పు పళ్ళెం పెట్టుకుని కూచున్నారు. గోడ నిండా ప్రపంచ పరీక్షల పటం. ప్రపంచంలో ఎక్కడ ఏ మందును మనుషుల మీద పరీక్షించినా అందులో నమోదు కావాలి. నమోదైన ప్రతి పరీక్షకూ ఒక దీపం. ఐరోపా ధగధగలాడుతోంది. అమెరికా ఒడ్డులు కళ్ళు చెదిరేటట్టున్నాయి. ఆఫ్రికా మొత్తం మీద తుంపర పడ్డట్టు నాలుగు చుక్కలు. తెలంగాణ దగ్గరికొచ్చేసరికి హైదరాబాదులో కొన్ని, ఆపైన చీకటి. ఆ ధగధగలాడే దీపాల్లో ఎన్ని పరీక్షలకు ఒళ్ళు ఇచ్చింది చీకటి ఊళ్ళవాళ్ళో పటం చెప్పదు. ఒక దీపం మీద వేలు పెడితే డబ్బు పెట్టినవాడి దేశం వస్తుంది. సూది ఎక్కడ పొడిచారన్నచోట ‘ఇతర దేశాలు’ అని వస్తుంది. ఇతరం. మనకు పెట్టిన పేరు అది.

సంఘం అధ్యక్షుడు డాక్టర్ ఫణీంద్ర. నెమ్మదస్తుడు. గొంతు పెంచడు. అలాంటివాళ్ళతోనే కష్టం.

అనసూయ అంతా చెప్పింది, మందు అమ్మకం కాగితాలు తిరగేసి తెలుసుకున్నది కూడా. ఫంక్షన్ హాల్లో పరీక్ష చేసినవాళ్ళు ఒక చిన్న కాంట్రాక్టు సంస్థ. ఆడవాళ్ళు చచ్చిపోయేసరికి సంస్థను మూసేసి, మందును ఇప్పటి కంపెనీకి అమ్మేశారు. చావుల సంగతి చెప్పలేదు. కొన్నవాళ్ళు పటంలో వెతికారు. అక్కడ ఏమీ లేదు. కాబట్టి మనుషుల మీద ఇదే మొదటిసారి అని రాసుకున్నారు. అదే మందు, అదే ఊరు, అదే ఇల్లు.

“మీ ఆవేదన నాకు అర్థమైంది మేడమ్,” అన్నాడు ఫణీంద్ర. “కానీ మేము నమోదైనదాని మీదే నిర్ణయం తీసుకోగలం. నమోదు కానిదాన్ని జరిగినట్టు ఎలా అనుకుంటాం?”

“ముగ్గురు చచ్చిపోయారు సార్.”

“కామెర్లతో అని మీరే అంటున్నారు.”

“వెంట్రుకలో మందుంది. నా యంత్రం చెప్పింది. ఆ యంత్రం మాట నమ్మే కదా మీరు రోజూ గేటు దగ్గర మనుషులను వెనక్కి పంపుతున్నారు? బతికున్నవాడిని ఆపడానికి పనికొచ్చిన గీత, చచ్చినదాని గురించి చెప్తే పనికిరాదా?”

ఫణీంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒకటే సవరం. ఒకటే మనిషి. పైగా...” పక్కనున్న వకీలు ఏదో చెవిలో చెప్పాడు. ఫణీంద్ర తలూపాడు. “పైగా ఆ వెంట్రుకలను పరీక్షించడానికి ఆ మృతురాలి లిఖితపూర్వక అనుమతి మీ దగ్గర ఉందా?”

అనసూయకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫోను గుంజుకుని, వేలిముద్ర వేయించుకుని, పెళ్ళి కుర్చీల కింద పడుకోబెట్టి సూది పొడిచినప్పుడు అడగని అనుమతి, ఎందుకు చచ్చిందో తెలుసుకోవడానికి కావాలట! చచ్చినదాన్ని అడిగి రమ్మంటున్నారు. అదీ జీడిపప్పు నములుతూ.

“సరే,” అంది అనసూయ. “ఆ పరీక్షను పటంలో ఎక్కించండి. నేను రాసిస్తాను, నా సంతకం పెడతాను. ఒక్క దీపం. అప్పుడు గురువారం పని దానంతటదే ఆగిపోతుంది.”

“అది మా చేతిలో లేదు. పరీక్ష చేయించిన సంస్థే నమోదు చెయ్యాలి. బయటివాళ్ళు రాయడానికి అందులో గడి లేదు.”

“అంటే చంపినవాడే వచ్చి రాసిపోవాలి.”

“మీ భాష కాస్త...”

“నా భాష సంగతి వదిలెయ్యండి. అవునా, కాదా?”

“నియమం అదే,” అన్నాడు ఫణీంద్ర. తర్వాత, దయగలవాడిలాగా, “బతికున్నవాళ్ళు ఇంకా ఎవరైనా తమ అనుమతితో నమూనాలిస్తే తీసుకురండి. చూద్దాం” అన్నాడు.

చూద్దాం! ఈ దేశంలో ఎంతమంది ఆ మాట వింటూ చచ్చిపోయారో.

*

బతికున్నవాళ్ళ తలల్లో ఏమీ లేదు. బస్సెక్కి ఇచ్చేసి వచ్చారు. కానీ సిరిసిల్లలోనే కాదు, ఎక్కడైనా సరే, మన ఆడవాళ్ళు దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను పారెయ్యరు. వేలికి చుట్టి ఉండ చేసి గోడ సందులోనో, దూలం మీదో, కిటికీ రెక్క వెనకో దోపుతారు. వెంట్రుకలకు గిన్నెలిచ్చేవాడు సైకిలు మీద వచ్చినప్పుడు ఇచ్చి ఒక స్టీలు గిన్నె తీసుకుంటారు. ఫంక్షన్ హాలుకు పోయొచ్చిన తర్వాత చెయ్యి నిండా ఊడిన జుట్టు ఎక్కడుంటుంది? గోడల్లో ఉంటుంది.

రాజవ్వ ఇంట్లో ఆడవాళ్ళు కూడారు. అనసూయ చెప్పడం అయ్యాక దొంతుల పోచవ్వ అనే ఆమె లేచింది.

“ఇస్తే ఏమైతది?”

“మీరు డెబ్బై ఒకటి తీసుకున్నరని రాయాలె. మీ పేరుతోని.”

“రాస్తే మల్ల గేటు కాడ నీ మిషన్ మమ్ముల పోనిస్తదా?”

అనసూయ నేల చూసింది. “పోనియ్యదు. మీ పేర్ల కాడ కాలేయం చెడ్డదని పడ్తది.”

“ఎప్పటికా?”

“ఎప్పటికీ.”

“అగో! విన్నరా?” పోచవ్వ అందరి వైపు తిరిగింది. “నీ తమ్ముడొక్కడు బతకాలె, మా పొయ్యిలన్ని సల్లారాలె. నీకేం తల్లీ, నెల తిరిగేసరికి జీతం. ముందుగాల గా మిషన్ తెచ్చింది నువ్వు, మా ఆడోళ్ళ నెత్తులు బోడి జేసింది నీ మిషన్. ఇప్పుడు మల్ల జుట్టు ఇయ్యిమంటున్నవ్. ఏం మొఖం వెట్టుకుని అడుగుతున్నవ్?”

“మీరన్నది నిజమే” అంది అనసూయ. “నేను చేసింది నిజమే. కానీ గురువారం పొడిచేది నరహరికొక్కనికే కాదు. వాడికి ఒక పూట ఏం కాకుంటె మిగిలినోళ్ళకు పొడుస్తరు. స్వరూపకు గూడ మొదటి రోజు ఏం కాలేదు.”

పోచవ్వ మొగుడి పేరు కూడా గురువారం జాబితాలో ఉంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఎవరూ గుర్తు చెయ్యలేదు. పోచవ్వ తిట్టుకుంటూ బయటికి పోయింది.

రాజవ్వ లేచి, వంటింటి గోడలో ఇటుకల మధ్య వేళ్ళు పెట్టి దుమ్ము పట్టిన ఉండ ఒకటి తీసింది. “గిన్నెలోనికి ఇయ్య బుద్ధి కాలే,” అంది. “గంత జుట్టు నా తలకాయల నుంచి ఊడిందా అని సూసుకుంట వెట్టుకున్న.” అనసూయ దోసిట్లో పెట్టింది. “నాకెట్లైన వయసు ముదిరింది. ఇగ నన్ను ఏ కంపెనోడు పిలుస్తడు? రాస్కో, చిందం రాజవ్వ. బాజాప్త రాస్కో.”

ఇంకో ఇద్దరు ఇచ్చారు. కొందరు మాట్లాడకుండా లేచిపోయారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికుంది? అనసూయ వీధిలో కారు డిక్కీ తెరిచి, అందులోని చిన్న జాడలో ఒక్కొక్క వెంట్రుకా పరుస్తుంటే వెనక నుంచి ఎవరో కాగితం పొట్లం విసిరినట్టు ఆమె పక్కన పడేశారు. పోచవ్వ. “మిషన్ల పెట్టు, నన్ను తిట్టుకోకు” అని ఆగకుండా పోయింది.

అందరి వెంట్రుకల్లో ఒకటే గీత. డెబ్బై ఒకటి.

అనసూయ అక్కడి నుంచే ఆ గీతలు, ఆ సంతకాలు, ఆ అనుమతులు అన్నీ సంఘానికి పంపింది. జవాబు మర్యాదగా వచ్చింది. అందినవి. వచ్చే సమావేశంలో పరిశీలిస్తాము. వచ్చే సమావేశం వచ్చే నెల.

*

గురువారం పొద్దున కేంద్రం ముందు గేటు దగ్గర రాజవ్వ, పోచవ్వ, ఇంకో నలుగురు కొంగులు బిగించి కూచున్నారు. వాచ్‌మన్ వాళ్ళను లోపలికి రానివ్వలేదు. అనసూయను రానిచ్చాడు. యంత్రం చేసినావిడ, యంత్రం చూసుకోవడానికి వచ్చిందనుకున్నాడు.

లోపల తెల్లటి వార్డు. మొదటి మంచం మీద నరహరి, నీలం గౌనులో, చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ వేసి ఉంది. పక్క మంచం మీద మడుపు వెంకటి. మొదటివాడికేదైనా అడ్డమొస్తే వాడి బదులు పడుకోవడానికి పిలిపించిన మనిషి. కుర్ర డాక్టరు సిరంజిని వెలుతురుకు ఎత్తి బుడగలు చూస్తున్నాడు.

“ఆగండి,” అంది అనసూయ.

“అక్కా, నువ్వేంది ఈడ?” నరహరి సిగ్గుపడ్డాడు. “అందరి ముంగట ఇజ్జత్ తీయకు.”

“నువ్వు మొదటోనివి కాదురా.”

“ఏంది?”

“ఈ మందు తీసుకున్న మొదటి మనిషివి నువ్వు కాదు. నీకంటే ముందు నీ పెండ్లాం తీసుకున్నది.”

నరహరి నవ్వబోయాడు. అక్క ముఖం చూసి ఆగాడు. అనసూయ మంచం అంచున కూచుని చెప్పింది. ఫంక్షన్ హాలు, ఎర్ర కుర్చీలు, సూది, ఊడిన జుట్టు, పసరు, చంపినవాడే రాయాలన్న ఫణీంద్ర నియమం. డాక్టరు మధ్యలో రెండుసార్లు “మేడమ్, ప్లీజ్” అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

“అవ్వగారింటికి పోతున్న అన్నది,” అన్నాడు నరహరి. “బస్టాండుల నేనే ఎక్కిచ్చిన. కిటికీల నుంచి చెయ్యి ఊపింది.” అక్క వైపు తిరిగి, “ఎందుకు పోయిందటనే?” అని అడిగాడు.

“నువ్వు ఆగాలని” అంది అనసూయ.

నరహరి గోడ వైపు తిరిగాడు. గుండు వెనక నరం కొట్టుకుంటుంటే కనిపిస్తోంది. డాక్టరు సిరంజి దించి, “నరహరి గారూ, మీకు ఇష్టం లేకపోతే మీరు ఏ క్షణమైనా తప్పుకోవచ్చు. అది మీ హక్కు. సంతకం పెట్టి వెళ్ళిపోవచ్చు” అన్నాడు. అంటూనే వెంకటి మంచం వైపు చూశాడు. వెంకటి అప్పుడే గౌను చేతిని మోచేతి పైదాకా లాక్కుంటున్నాడు, అలవాటుగా.

అది నరహరి చూశాడు.

“ఎంకటీ, చెయ్యి దించు.”

“ఏమైందన్నా?”

“దించుమంటున్న గద!” అరిచాడు. ప్లాస్టర్ పీకి సూది లాగి పారేశాడు. మోచేతి మడత నుంచి నెత్తురు కారింది, తుడుచుకోలేదు. మంచం పట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు. “నేను తప్పుకోను డాక్టర్ సాబ్. నేను లేస్తె ఎంకటిని పండవెడ్తవు. ఎంకటి లేస్తె పోచవ్వ మొగన్ని పండవెడ్తవు. మీకు మంచం మీద ఒకడు గావాలె, వాని పేరు ఏదైతేంది? నేను సూది తీసుకోను, మంచం దిగను. పోలీసోళ్ళను పిలుస్తవా, పిలువు. వాళ్ళకు గూడ గిదే జెప్త.”

డాక్టరు గోడ మీద తెరలో ఫణీంద్రను పిలిచాడు. ఫణీంద్ర టీ కప్పుతో కనిపించాడు. వెనక ఆ పటం, ఆ దీపాలు. సంగతి విని, “నరహరి గారూ, మీ బాధ మాకు...” అని మొదలుపెట్టాడు.

“నా బాధ నీకొద్దు,” అన్నాడు నరహరి. “పని జెప్త, జెయ్యి. చంపినోడే రాయాలె అన్నవట. గా నియమం పెట్టినోళ్ళను ఇప్పుడే ఫోన్ల పట్టుకో. సచ్చినోళ్ళ ఇంటోళ్ళు రాస్తె గూడ ఎక్కాలె, తీసుకున్నోళ్ళు రాస్తె గూడ ఎక్కాలె. బయటి గేటు కాడ రాజవ్వున్నది, పోచవ్వున్నది, వాళ్ళ వేలిముద్రలు ఒక్కపారి తీసుకున్నరు గద, ఇప్పుడు వాళ్ళ నోటి మాట తీసుకోండ్రి. లోపటికి పిలువుండ్రి, కుర్సీలేయుండ్రి. గేటు కాడ వాళ్ళను ఏ మిషన్ ఆపొద్దు, వాళ్ళకు దవాఖాన మీరే సూపియ్యాలె. మందు అమ్మినోని పేరు, కొన్నోని పేరు, ఫంక్షన్ హాలు పేరు, ఎంతమంది పోయిండ్రో, ఎట్ల పోయిండ్రో, ఏ దేశంలున్నోడన్న సదివేటట్టు రాయాలె. వచ్చే నెల గాదు. సమావేశం గాదు. ఆ టీ కప్పు కింద వెట్టు. నా ముందట్నే టైపు కొట్టు, నేను సూస్త. మొదటి పేరు దూస స్వరూప. ఊరు సిరిసిల్ల. కొట్టు.”